బేగం బావిలో ఉన్నంతసేపూ

గిరిబాబు నోట్లో నువ్వుగింజ నానదని మస్తాన్‌బీకి ఎప్పటినుంచో తెలుసు. పక్కింటివాడు, వయసులో ఆమె కొడుకంతవాడు. తిరువూరులో ఆకు కదిలినా పిట్టగోడ మీంచి తల పెట్టి చెప్పిపోతాడు. అందులో సగం నిజం, సగం అతని సొంత వంట. కానీ ఆ మధ్యాహ్నం అతను "పిన్నీ, మీ ఇంటికి ఫారెస్టు వాళ్ళు వస్తున్నారంట" అనేసరికి ఆమె చేతిలోని చేట జారి, ఏరుతున్న బియ్యం అరుగంతా పరుచుకున్నాయి.

"మా ఇంటికా? మేమేం చేశాం నాయనా?"

"ఇంకేం చెయ్యాలి? తాబేలు! అది ఇంట్లో ఉంటే ఏడేళ్ళు జైలు. మొన్న పేపర్లో కూడా పడింది. మీ కోడలు వీడియో పెట్టిందంటగా, ఊరంతా చూసింది. బస్టాండు దగ్గర ఖాకీ బట్టల్లో ఒకామె మీ ఇల్లెక్కడని అడుగుతోంది. ఫోను ఎవరి పేరు మీదుంటే వాళ్ళనే పట్టుకుంటారు పిన్నీ."

చెప్పాల్సింది చెప్పేసి తల దించేసుకున్నాడు మహానుభావుడు. ఆ ఖాకీ బట్టలామెకు దారి చూపించింది కూడా తనేనన్న ముక్క మాత్రం మింగేశాడు. అది తర్వాతెప్పుడో బయటపడింది.

ఫోను ఇలియాస్ పేరు మీద ఉంది. ఇలియాస్ మస్తాన్‌బీకి ఒక్కగానొక్క కొడుకు. తిరువూరు నుంచి విస్సన్నపేటకి షేర్ ఆటో తిప్పుతాడు. ఎవరి జోలికీ పోని మనిషి. అతని భార్య ఆసిమాకి ఫోను చేతిలో ఉంటే ఒళ్ళు తెలియదు. వారం కిందట తాబేలు మందారపువ్వు తింటుంటే ముద్దొచ్చి వీడియో తీసి, పాట కలిపి పెట్టింది. వేలమంది చూశారని మురిసిపోయి అత్తకి కూడా చూపించింది. "మన బేగం ఎంత అందంగా పడిందో" అని మస్తాన్‌బీ కూడా మురిసింది. ఇద్దరిలో ఒక్కరికైనా అది తప్పని తట్టలేదు. వాళ్ళ ఇంట్లో అది ఇరవై ఏళ్ళ పైబడి ఉంటోంది మరి. తప్పని ఎలా తడుతుంది!

ఆ తాబేలుని తెచ్చింది మస్తాన్‌బీ భర్త పీర్‌సాహెబ్. బతికున్నన్నాళ్ళూ లారీ నడిపాడు. వేసవొస్తే ఇక్కడి తోటల్లో మామిడికాయ ఎత్తుకుని చిత్తూరు వైపు జ్యూసు ఫ్యాక్టరీలకు తోలేవాడు. ఒకసారి మదనపల్లె దాటాక, తొలకరి జల్లుకి తడిసిన రోడ్డు మీద, కొబ్బరిచిప్పంత తాబేలొకటి నింపాదిగా అడ్డం నడుస్తోందట. ఎదరనుంచి బస్సు వస్తోంది. పీర్‌సాహెబ్ బ్రేకు తొక్కి, కిందికి దూకి, చక్రం కింద పడబోయేదాన్ని చేతుల్లోకి తీసుకున్నాడు. అంతవరకూ అతను చేసింది మంచిపనే. ఆ తర్వాత దాన్ని రోడ్డవతల దింపాల్సింది పోయి, క్యాబిన్లో సీటు కింద పెట్టుకుని తిరువూరు తెచ్చాడు.

అందులో వింతేమీ లేదు ఆ రోజుల్లో. చిత్తూరు లైను తిరిగే డ్రైవర్లందరికీ అదొక ముచ్చట. చుక్కల తాబేలు బండిలో ఉంటే బండి బోల్తా పడదని, ఇంట్లో ఉంటే ఇల్లు నిలబడుతుందని ఎవడో అన్నాడు, అందరూ పట్టుకున్నారు. లారీ ఖాళీగా తిరిగొచ్చినా పరవాలేదు, సీటు కింద తాబేలు మాత్రం ఉండాల్సిందే. తెచ్చినవాళ్ళు తెచ్చారు గానీ పెంచిందెవరు? ఒకరింట్లో కుక్క కొరికింది. ఒకరింట్లో పిల్లలు వెల్లకిలా తిప్పి ఆడుకుని ఎండలో వదిలేశారు. ఇంకొకరింట్లో పెట్టే దిక్కులేక ఎండిపోయింది. ఏడాది తిరక్కుండా అన్నీ పోయాయి. మిగిలింది మస్తాన్‌బీ ఇంట్లోది ఒక్కటే.

మిగలక ఏం చేస్తుంది! పొద్దున్న నమాజు కాగానే ఆమె చేసే మొదటి పని దానికి తోటకూర తుంచి వెయ్యడం. దోసకాయ తరిగితే చెక్కు దానికే. నల్లటి పెంకు మీద పసుప్పచ్చటి చారలు నడిమి నుంచి అంచులకి విచ్చుకుని ఉంటాయి. పెళ్ళికూతురి చీరలా ఉందని పీర్‌సాహెబే దానికి బేగం అని పేరు పెట్టాడు.

"రెండ్రోజులు బండి తోలి ఇంటికొస్తే నాకు మంచినీళ్ళిచ్చే దిక్కు లేదు. ఆ బేగానికి మాత్రం దోసకాయలు తరిగి పెడతావు" అని దెప్పేవాడు.

"నువ్వూ నోరు మూసుకుని తింటే నీకూ పెడతా" అనేది మస్తాన్‌బీ.

కరోనా ఏడాదిలో పీర్‌సాహెబ్ పోయాడు. భర్త పోయాక పాటించే ఇద్దత్ రోజుల్లో గడప దాటకుండా కూర్చున్న మస్తాన్‌బీ దగ్గరికి రోజూ నడిచి వచ్చింది బేగం ఒక్కటే. పెరట్లోంచి నడవాలోకి రావడానికి దానికి ఒక పూట పట్టేది. వచ్చి ఆమె కాలి దగ్గర మెడ చాపి నిలబడేది. మనుషులు ఓదార్చడానికి వచ్చి తమ ఇంటి గోడు చెప్పుకుని పోయారు. అది ఏమీ చెప్పలేదు. అందుకే ఆమెకు దాని మీద అంత ప్రాణం.

ఏటా వానలు మొదలవగానే బేగం దానిమ్మచెట్టు మొదట్లో వెనక కాళ్ళతో గుంట తీసి గుడ్లు పెట్టేది. మస్తాన్‌బీ ఆ గుంట చుట్టూ పసుపు చల్లేది, చీమలు పట్టకుండా. నెలల తరబడి చూసేది. ఒక్క పిల్లా పైకి రాలేదు ఎప్పుడూ. మట్టి మంచిది కాదేమోనని ఒకసారి ఎర్రమట్టి కూడా తెప్పించి పోసింది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే తర్వాత జరిగినదంతా దీని మీదే ఉంది. పెరట్లో బట్టలుతికే బండ పక్కన ఒక సిమెంటు తొట్టి ఉంది, అంచు నేలకి జానెడు ఎత్తు. ఒకసారి బేగం అందులో పడింది. మస్తాన్‌బీ చూసేసరికి కాళ్ళు కొట్టుకుంటూ అడుక్కి దిగిపోతోంది, పైకి తేలడం లేదు. గభాలున చెయ్యి పెట్టి తీసింది కాబట్టి బతికింది. ఆ రోజునుంచీ ఆ తొట్టి మీద రేకు మూత ఉండాల్సిందే. ఆసిమా మర్చిపోతే ఇల్లెగిరిపోయేలా కేకలేసేది.

సరే, గిరిబాబు కబురు చెప్పి పోయిన కాసేపటికే ఆటో వాకిట్లో ఆగింది. అతనే ఫోను చేసుంటాడు. ఇలియాస్ చెమటలు కక్కుకుంటూ లోపలికొచ్చాడు.

"ఎక్కడుందమ్మా అది?"

దానిమ్మచెట్టు కింద ఉంది. రెండ్రోజుల కిందట మంచి వాన పడి నేల మెత్తబడింది. బేగం అటు తిరిగి, ఈ లోకంతో పని లేనట్టు, గుంట తీసుకుంటోంది.

"దాన్ని దాచెయ్యాలి" అన్నాడు ఇలియాస్.

"ఎక్కడ దాస్తాంరా? మంచం కింద చూడరా? బియ్యం డ్రమ్ములో చూడరా?"

ఆసిమా ఏడుపు గొంతుతో, "గిరిబాబు గారింట్లో పెడదామా?" అంది.

"గిరిబాబు ఇంట్లోనా! దానికంటే మైకులో చెప్పించుకోవడం నయం" అన్నాడు ఇలియాస్. తర్వాత అతని చూపు బావి మీద పడింది.

పెరటి మూల పాత బావి అది. కుళాయి వచ్చాక తోడేవాళ్ళు లేరు గానీ నీళ్ళు పుష్కలంగా ఉన్నాయి. ఈ ప్రాంతంలో బావిలో తాబేలుని వెయ్యడం పాత అలవాటు. పురుగూ పుట్రా తినేసి నీళ్ళు శుభ్రంగా ఉంచుతుందని చెరువులోంచి ఒకదాన్ని పట్టి తెచ్చి వేసేవాళ్ళు. వినగడపలో మస్తాన్‌బీ పుట్టింటి బావిలో కూడా ఉండేది. చిన్నప్పుడు గట్టు మీద బోర్లా పడుకుని, అది ఎప్పుడు తల పైకెత్తుతుందా అని చూస్తూ ఉండేది. ఆ కబుర్లన్నీ కొడుక్కి అన్నం పెడుతూ ఆమె చెప్పినవే.

"బావిలో వేద్దాం" అన్నాడు ఇలియాస్.

"దానికి నీళ్ళు పడవురా."

"తాబేలుకి నీళ్ళు పడకపోవడమేంటమ్మా! తాతయ్య వాళ్ళ బావిలో ఉండేదని నువ్వే చెప్తావుగా. వాళ్ళు తొంగి చూసినా బావి తాబేలే అనుకుంటారు. దానికెవరూ కేసు పెట్టరు."

ఇదిగో, ఇక్కడ నోరు తెరవాల్సింది మస్తాన్‌బీ. తొట్టి సంగతి ఒక్కటి గుర్తుచేస్తే చాలు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఎదురుగా కొడుకు నిలబడి ఉన్నాడు, అచ్చం తండ్రి ముఖం, ఆ ముఖంలో రక్తపుచుక్క లేదు. గుమ్మంలో కోడలు "అంతా నా వల్లే" అని కొంగు నోట్లో కుక్కుకుంటోంది. ఏడేళ్ళన్న మాట ఆమె చెవిలో గింగురుమంటోంది.

"పోనీ బకెట్లోనే ఉంచి వేలాడదీద్దాం" అంది చివరికి.

"తాడు బిగుసుకుని ఉంటే వాళ్ళు లాగి చూడరా అమ్మా?"

ఇక మస్తాన్‌బీ తనకి తనే సర్దిచెప్పుకోవడం మొదలుపెట్టింది. బావి వరల మధ్య, నీళ్ళకి కాస్త పైన, ఒక రాతి అంచు ఉంది. దాని మీదకి ఎక్కి కూర్చుంటుందిలే. తొట్టి అంటే నున్నటి సిమెంటు, పట్టు దొరకలేదు. ఇక్కడ రాయి. అయినా ఎంతసేపు, వాళ్ళొచ్చి వెళ్ళిపోయేదాకానేగా. మనసుకి నచ్చజెప్పాలనుకుంటే సాకులకేం కరువు!

వేరేవాళ్ళు ముట్టుకుంటే బేగం తలా కాళ్ళూ లోపలికి లాగేసుకుంటుంది. అందుకని మస్తాన్‌బీయే తీసింది. గుంటలోంచి ఎత్తేసరికి వెనక కాళ్ళు మట్టితో తడిసి ఉన్నాయి, గాల్లో ఇంకా తవ్వుతూనే ఉన్నాయి. మెడ చాపి ఆమె ముఖంలోకి చూసింది. మందారపువ్వు పెడుతుందనుకుందో ఏమో. బకెట్లో పెట్టి, తాడు తనే పట్టుకుని దింపింది. ఇలియాస్ తాడు ఒక్క ఊపు ఊపి బకెట్ వంచాడు. పెద్ద చప్పుడేమీ కాలేదు.

"ఈదుతోంది చూడమ్మా, కాళ్ళాడిస్తోంది" అన్నాడు తొంగి చూసి.

మస్తాన్‌బీ చూడలేదు. గేటు చప్పుడైంది.

వచ్చినామె ఒక్కతే, ఇంటి పక్క సందులోంచి పెరట్లోకి వచ్చింది. జీపు లేదు, పోలీసులు లేరు. ఖాకీ ప్యాంటు, చొక్కా, భుజానికొక సంచి, బయట స్కూటీ. ముప్ఫై లోపే ఉంటుంది.

"మస్తాన్‌బీ గారిల్లు ఇదేనాండి? నా పేరు రూత్. ఫారెస్టులో బీట్ ఆఫీసర్‌ని. కంగారు పడకండమ్మా, గొడవకి రాలేదు. వీడియోలో మీ తాబేలుని చూశాను. ఒక్కసారి చూడొచ్చా?"

గొడవకి రాలేదన్న మాట మస్తాన్‌బీ చెవిలో పడింది గానీ బుర్రకెక్కలేదు. అప్పటిదాకా నాలిక మీద తయారుగా పెట్టుకున్న అబద్ధం ముందు బయటికొచ్చేసింది.

"అది లేదమ్మా, చచ్చిపోయింది. ఆ వీడియో ఎప్పటిదో. నిరుడే పోయింది."

రూత్ ముఖం వాడిపోయింది. ఎవరూ కూర్చోమనకుండానే పెరటి అరుగు మీద కూలబడింది. "అయ్యో" అంది, నిజంగా తన ఇంట్లోది పోయినట్టు. "ఎంత ఆశగా వచ్చానో తెలుసాండి? ఎన్ని ఇళ్ళలో చూశాను, పెంకులు వంకర్లు పోయి, కాళ్ళు చచ్చుబడి ఉంటాయి. మీదాని పెంకు మీద ఒక్క మచ్చ లేదు. ఎంత బాగా చూసుకున్నారమ్మా!"

ఆసిమా ఉండబట్టలేక, "కేసు పెట్టడానికి కాదా మేడమ్ మీరొచ్చింది?" అంది.

"పెంచకూడదు, అది తప్పే. కానీ తెలియక పెంచి, మీ అంతట మీరే అప్పగిస్తే ఇబ్బంది పెట్టొద్దని మా సార్‌తో ముందే మాట్లాడుకుని వచ్చాను. దాన్ని తీసుకెళ్ళడానికే వచ్చాను."

ఇలియాస్ బావిగట్టుకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. తల్లీ కొడుకూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇప్పుడేం చెయ్యాలి? బతికే ఉంది, బావిలో దాచామని చెప్పాలా? యూనిఫాం వేసుకున్న మనిషికి ముఖం మీద అబద్ధం చెప్పాక, ఇంకా అంత మెత్తగా మాట్లాడుతుందా? ఇలియాస్ కనిపించీ కనిపించకుండా తల అడ్డంగా ఊపాడు. ముందు ఆమెని వెళ్ళిపోనీ, తర్వాత పైకి తీసి రేపు మనమే పట్టుకెళ్ళి ఇద్దాం అని ఆ ఊపుకి అర్థం. మస్తాన్‌బీకి అది సబబుగానే తోచింది. బావిలోంచి సన్నగా, గోరుతో రాయిని గీకుతున్నట్టు చప్పుడు వినిపిస్తోంది. అంచు పట్టుకుందన్నమాట అనుకుంది. ఆమెకి కాస్త ధైర్యం వచ్చింది కూడా.

ఇంటికొచ్చిన మనిషిని టీ ఇవ్వకుండా పంపడం ఆ ఇంట్లో లేదు. ఆసిమా పొయ్యి వెలిగించింది. రూత్ ఊరికే కూర్చోలేక, అది మీకెక్కడ దొరికిందని అడిగింది. మస్తాన్‌బీ పీర్‌సాహెబ్ సంగతి, తొలకరి సంగతి, బస్సు సంగతి చెప్పింది.

"మంచి మనసున్న మనిషి" అంది రూత్. "రోడ్డవతల, అది పోయేవైపు దింపేసి వచ్చుంటే ఎంత బాగుండేది!"

"బండి బాగుంటుందని తెచ్చేవాళ్ళమ్మా అందరూ."

"అందరూ అంటే?"

"ఆ లైను తిరిగిన డ్రైవర్లందరూ. లారీకొకటి."

రూత్ ఆమె వైపు తిరిగింది. "మరి అవన్నీ ఏమయ్యాయండి?"

"పోయాయి" అంది మస్తాన్‌బీ. ఇన్నేళ్ళలో ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.

"ఇప్పుడు తొలకరికి ఆ రోడ్డు మీద బండి ఆపాల్సిన పని లేదమ్మా. నేను అటువైపు రెండు వానాకాలాలు డ్యూటీ చేశాను. ఒక్కటి అడ్డం వస్తే ఒట్టు. ఇప్పుడు సంచుల్లో వేసి దేశాలు దాటించే ముఠాలున్నాయి. పట్టుబడినవాటిని ఒకచోట పెట్టి, జబ్బులేమీ లేవని చూసుకుని, మళ్ళీ ఆ కొండల్లోనే వదులుతున్నాం. దొరికేవన్నీ చిన్న పిల్లలు. పెరిగి గుడ్లు పెట్టాలంటే ఏళ్ళు కావాలి. అందుకే మీ వీడియోలో అంత పెద్ద ఆడ తాబేలుని చూసి..."

"గుడ్లు పెడుతుందండి మాది, ఏటా" అంది ఆసిమా టీ గ్లాసులు తెస్తూ. నాలిక కరుచుకుని, "పెట్టేది" అంది.

"పిల్లలయ్యాయా?"

"లేదు. చీమలు తినేస్తున్నాయేమోనని అత్తమ్మ పసుపు చల్లేది."

రూత్ నవ్వలేదు. "చీమలు కాదండి. మగది లేకుండా పెట్టిన గుడ్లలో ఏముంటుంది? ఉత్త గుడ్లు" అంది నెమ్మదిగా. "కొండల్లో ఉండుంటే ఈపాటికి దాని పిల్లలకి పిల్లలు తిరిగేవి. అవి రాలిన కాయలు తిని, ఆ గింజలు కొండంతా వేసుకుంటూ పోతాయి. రైతు అడుగుపెట్టని చోట అవే రైతులు. మనం ఒక్కదాన్నే తెచ్చుకున్నాం అనుకుంటాం. తెచ్చింది ఒక్కటి కాదమ్మా."

మస్తాన్‌బీ టీ గ్లాసు నోటిదాకా తీసుకెళ్ళి దించేసింది. ఇరవై ఏళ్ళు! ఇరవై ఏళ్ళు తను దాన్ని కళ్ళలో పెట్టుకుని చూసుకున్నానని ఊరంతా చెప్పుకుంది. అది ఏటా గుంట తీసి, ఉత్త గుడ్లు పెట్టి, మూసి, మళ్ళీ ఏడాదికి మళ్ళీ తీసింది. దానికి తోడు లేదన్న ఆలోచన తనకి ఒక్కనాడూ రాలేదు. భర్త పోయిన రోజునుంచీ ఒంటరితనమంటే ఏమిటో ఇంటికొచ్చినవాళ్ళందరికీ చెప్పిన మనిషి తను. పక్కనే కూర్చుని విన్న బేగానికి ఆ సంగతి ఈ ఇంటికొచ్చినప్పటినుంచీ తెలుసు.

గ్లాసులో టీ చల్లారిపోయింది. అప్పుడు గమనించింది మస్తాన్‌బీ, బావిలో గీకుడు ఆగిపోయిందని.

అంచు ఎక్కేసింది కాబోలు అనుకుంది. అంచు మీద కూర్చుని ఉంటుంది. ఇలియాస్ వైపు చూసింది. అతను ఫోను చూసుకుంటున్నాడు.

రూత్ గ్లాసు పెట్టి లేచింది. సంచి సర్దుకుంటూ బావి వైపు చూసింది. "బావిలో నీళ్ళున్నాయాండి ఇంకా?"

ఇలియాస్ ఫోను జేబులో పెట్టుకుని గట్టుకి అడ్డంగా జరిగాడు.

"ఒక్క మాట చెప్పి వెళ్తాను. మీకు తెలిసినవాళ్ళెవరి దగ్గరైనా ఇలాంటి తాబేలుంటే చెప్పండి. కేసుకి భయపడి చెరువుల్లో, బావుల్లో వదిలేస్తున్నారు కొంతమంది. పుణ్యం అనుకుని కూడా వదులుతున్నారు. ఇది మెట్ట తాబేలండి. దీనికి ఈత రాదు. లోతు నీళ్ళలో పడితే కాసేపు కొట్టుకుని మునిగిపోతుంది."

"బావిలో ఉంది" అంది మస్తాన్‌బీ.

రూత్‌కి అర్థం కాలేదు. "ఏంటమ్మా?"

"బేగం బావిలో ఉంది! చచ్చిపోలేదు, నేనే దింపాను, ఈ చేత్తోనే దింపాను. ఒరేయ్ ఇలియాస్, ఇంకా చూస్తావేంట్రా, దిగరా!"

ఇలియాస్ చెప్పులు విసిరేసి తాడు పట్టుకుని దిగాడు. రూత్ గట్టు మీద వంగి ఫోను లైటు వేసింది. పైకి ఏమీ కనిపించలేదు, ఉత్త నల్లటి నీళ్ళు. అతను మునిగాడు, తేలాడు, మళ్ళీ మునిగాడు. పైన మస్తాన్‌బీ "యా అల్లా, యా అల్లా" అంటూ గట్టు పట్టుకుని ఉంది. ఆఖరికి అతను దాన్ని బకెట్లో పెట్టి పైకి పంపాడు.

రూత్ దాన్ని తల కిందికి వచ్చేలా పట్టుకుంది. ముక్కులోంచి నీళ్ళు కారాయి. ముందరి కాళ్ళు బయటికి లాగి, లోపలికి నొక్కి, మళ్ళీ లాగి, చాలాసేపు అలా చేస్తూనే ఉంది. మెడ బయటికి వేలాడిపోయి ఉంది. ఎవరు ముట్టుకున్నా లోపలికి లాక్కునే మెడ అది. ఇప్పుడు రూత్ చేతుల్లో, పరాయి మనిషి చేతుల్లో, అలాగే వేలాడింది.

ముందరి కాళ్ళ గోళ్ళ నిండా పచ్చటి పాచి ఇరుక్కుని ఉంది. అంచు దాకా వెళ్ళింది. ఎక్కాలనే చూసింది. పాచి పట్టిన రాయి మీద పట్టు దొరకలేదు. తను అరుగు మీద టీ గ్లాసు పట్టుకుని, ధైర్యం తెచ్చుకుంటూ విన్న చప్పుడు అదే.

రూత్ చివరికి దాన్ని నేల మీద పెట్టి, మోచేత్తో ముఖం తుడుచుకుంది. తిడుతుందేమోనని చూసింది మస్తాన్‌బీ. తిట్టినా బాగుండేది.

"నేను గేట్లోకి వచ్చినప్పుడు బతికే ఉందా అమ్మా?" అని మాత్రం అడిగింది.

"నువ్వు టీ తాగేటప్పుడు కూడా బతికే ఉంది తల్లీ" అంది మస్తాన్‌బీ. "నన్ను తీసుకుపో. జైలంటే నన్ను పెట్టు. అబద్ధం చెప్పింది నేను."

"చచ్చిపోయినా మీ దగ్గర ఉంచకూడదండి. మా సార్‌కి చూపించాలి. జరిగింది జరిగినట్టు చెప్తాను."

మస్తాన్‌బీ లోపలికెళ్ళి పీర్‌సాహెబ్ పాత లుంగీ ఒకటి తెచ్చింది. అన్నీ పంచిపెట్టేసినా అదొక్కటి దాచుకుంది. బేగాన్ని అందులో చుట్టి రూత్ చేతికిచ్చింది. పిట్టగోడ మీంచి గిరిబాబు తల లేచింది. ఆమె చూసిన చూపుకి మళ్ళీ దిగిపోయింది.

తర్వాత ఆఫీసుకి పిలిచారు. మస్తాన్‌బీ వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పింది, అడిగినచోట వేలిముద్ర వేసింది. గట్టిగా మందలించి పంపారు. ఇలియాస్‌ని ఎవరూ జైల్లో పెట్టలేదు. ఏ భయానికైతే ఆ పని చేశారో ఆ భయమే ఉత్తదని తేలిపోయింది. ఇలియాస్ మాత్రం చాలా రోజులు తల్లి ముఖం చూడలేకపోయాడు. "నువ్వు దానికి నీళ్ళు పడవని చెప్పావమ్మా, నేనే వినలేదు" అన్నాడు ఒకసారి. "చెప్పలేదురా, సగమే చెప్పాను" అంది ఆమె. తొట్టి మీద రేకు మూత మాత్రం ఎవరూ తియ్యలేదు.

బేగం పోయిన మర్నాడే మస్తాన్‌బీ పెరడు ఊడవడానికి వెళ్ళి, దానిమ్మచెట్టు మొదట్లో ఆగిపోయింది. బేగం తవ్వి, మూయకుండా వదిలేసిన గుంట అలాగే తెరుచుకుని ఉంది. పూడ్చేద్దామని వంగితే, అడుగున మట్టిలో తెల్లగా గుడ్డు కనిపించింది. ఒకటే. మిగతావి పెట్టేలోపలే తను దాన్ని ఎత్తేసింది. ఆ హడావుడిలో ఎవరూ చూడలేదు. చీపురు పక్కన పడేసి, నేల మీద కూర్చుని, రెండు చేతులతో మట్టి తోసి మెత్తగా కప్పింది. వంటింట్లోకెళ్ళి పసుపు డబ్బా తెచ్చుకుంది.

ఆసిమా గుమ్మంలో నిలబడి చూసింది. 

"అత్తమ్మా... అందులో ఏమీ ఉండదని ఆ మేడమ్ చెప్పిందిగా."

"తెలుసే" అంది మస్తాన్‌బీ, గుంట చుట్టూ పసుపు చల్లుతూనే. "చీమలు పట్టకుండా చూడాలిగా."